హైదరాబాద్ దాకా మోసుకెళ్లిన ఆక్సిజన్

అండమాన్ వెళ్లి సముద్రం అడుగు చూడాలన్నది నా కోరిక. అంతకన్నా ముందు, మొన్నటి ఆదివారం, పెద్దపల్లి పక్కన మా తమ్ముడి వ్యవసాయ బావిలో నన్ను దింపి అలవాటు చేయించాలన్నది మా ఆయన ఏర్పాటు. పన్నెండు మీటర్ల నీళ్లుండే బావి అది. స్కూబా సామానంతా ఈయనే ఆన్‌లైన్‌లో తెప్పించారు. గోదావరిఖనిలో గమ్‌బూట్లు, హెల్మెట్లు ఎక్కడైనా దొరుకుతాయి గానీ నీళ్లలో ఊపిరి తీసుకునే సామాను ఎవరు అమ్ముతారు? సగం ధరకే వచ్చిందని సంబరపడ్డాం. తీరా సిలిండర్‌కు బిగిస్తే, నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ బుస్సుమని కారుతూనే ఉంది. అమ్మినవాళ్లకు రాస్తే, వాపసు గడువు దాటిందని జవాబు. బాగుచేసేవాళ్లు చుట్టుపక్కల లేరు కాబట్టి హైదరాబాద్‌లోని డైవింగ్ దుకాణానికి బయలుదేరాం.

సెంటినరీ కాలనీలోని మా క్వార్టర్ ముందుకు ఉదయం ఆరింటికి, కాలనీలో కిరాయి కారు నడిపే మల్లేశ్ బండి తెచ్చాడు. రానూపోనూ ఐదున్నర వేలు, టోల్ మనదే. సిలిండర్ ఎత్తుతూ అడిగాడు, “ఏంది బావ ఇది, డిక్కిల బాంబు పెడుతున్నవా?”

“బాంబు గాదురా, మీ అక్క పానం. పైలంగ పెట్టు.”

“అబ్బ, అక్క పానం గింత బరువున్నదా!”

ముగ్గురం నవ్వుకున్నాం. పెద్దపల్లి దాటి కరీంనగర్‌లో ఇడ్లీ తిన్నాం. దారి పొడవునా ఈయన తన డ్యూటీ సంగతులే చెప్పారు. గనిలో విషవాయువు చేరితే, వీపున ఆక్సిజన్ సెట్టు కట్టుకొని దిగే రెస్క్యూ దళంలో ఈయన ఏళ్లుగా ఉన్నారు. ఎవరి సెట్టును వాళ్లే పరీక్షించుకోవాలట. పక్కవాడు బాగుందన్నా సరే, ఆ మాట మీద వేసుకోకూడదట. వింటుంటే నాకు ధైర్యంగానే ఉంది.

పదకొండు దాటాక దుకాణం చేరాం. యాభై ఏళ్లుండే యజమానురాలిది భీమవరం వైపు మాట. రెగ్యులేటర్‌ను తిప్పి చూసి, దీనికి విడిభాగాలు దొరకవన్నారు. తర్వాత సిలిండర్ మీద చెయ్యేశారు.

“ఇందులో ఏం నింపించారండీ?”

“ఆక్సిజన్. నూటికి నూరుపాళ్లు,” అన్నారు మా ఆయన, గర్వంగానే. “లేత్ షాపుల అడాప్టర్ చేయించి, వెల్డింగ్ గ్యాస్ దుకాణంల పట్టించిన.”

ఆవిడ చెయ్యి తీసేశారు. “మేము నింపేది మామూలు గాలండీ. ఇదేసుకుని ఆరు మీటర్లు దాటితే ఆ ఆక్సిజనే విషం. ఫిట్స్ వచ్చేస్తాయి. మౌత్‌పీస్ జారిపోద్ది. ఇంక మనిషి పైకి రారు.”

“గాలి కోసమా గింత ఖర్చు! వెబ్‌సైట్ల ఆక్సిజన్ ట్యాంక్ అనే రాసిండ్రు. బొగ్గుబాయిల ఇన్నేండ్లు గదే పీల్చిన. సచ్చిన్నా?”

“మీరు పీల్చింది నేల కింద సార్. నీళ్ల ఒత్తిడి కింద కాదు.”

ఈయన సిలిండర్ భుజాన వేసుకోబోయారు. “నడువు. ఈమె సామాను అమ్ముకోనీకి బెదిరిస్తది.”

నాకూ ఆ అనుమానం రాకపోలేదు. అద్దాల అరల్లో మేం కొన్నదానికి రెట్టింపు ధరల రెగ్యులేటర్లు మెరుస్తున్నాయి మరి. కానీ బావిలో దిగాల్సింది నేను. “ఖాళీ చేసేయండి మేడం,” అన్నాను, ఈయన వైపు చూడకుండా. ఆవిడ సిలిండర్‌ను ఆరుబయటికి తీసుకెళ్లి వాల్వ్ కొద్దికొద్దిగా తిప్పారు. అది సన్నగా ఈలవేస్తూ చాలాసేపటికి ఖాళీ అయింది. అంతసేపూ మా ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు.

తిరుగుదారిలో సిద్దిపేట దగ్గర చాయ్‌కి ఆగాం. “ఏందక్కా, పోయేటప్పుడున్న నవ్వు గిప్పుడు లేదు?” అన్నాడు మల్లేశ్.

“మీ అక్కకు మొగడి మీద నమ్మకం లేదురా,” అన్నారు ఈయన. “ఇయ్యాల్నే చూసిన మనిషి మీద ఉన్నది.”

చాయ్ చేదుగా ఏమీ లేదు. అయినా తాగలేకపోయాను.

ఆదివారం బావి దగ్గరికి వెళ్లలేదు. అండమాన్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఆన్‌లైన్‌లో కొంటే మిగిలేది డబ్బే, నిజమే. అయితే అక్కడ ఎవరూ మనల్ని ఏమీ అడగరు. దుకాణంలో ఒక మనిషి అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఈయన ఇప్పటికీ నన్ను క్షమించలేదు. నన్ను బతికించాలని అంత ప్రేమగా నింపించిన మనిషితో, అది నన్ను చంపేదని ఎలా ఒప్పించాలి? ఒప్పించాలా, వదిలేయాలా? తేల్చుకోలేకపోతున్నాను. మీరు కొనబోతుంటే ఒకటే సలహా: మాస్కు, కాళ్లకు తొడిగే ఫిన్లు ఎక్కడైనా కొనుక్కోండి, రెగ్యులేటర్, సిలిండర్ మాత్రం డైవింగ్ నేర్పే దుకాణంలోనే కొనండి, గాలి కూడా అక్కడే పట్టించుకోండి.

నిన్న ఈయన తెప్పించిన కొత్త రెగ్యులేటర్ పార్సిల్ వచ్చింది, మళ్లీ ఆన్‌లైన్‌లోనే. సిలిండర్ వరండాలో మూలకు ఉంది. వేసుకునేవాళ్లే పరీక్షించుకోవాలన్నది ఈయన చెప్పిన పద్ధతే కదా. ఈయన డ్యూటీకి వెళ్లగానే వాల్వ్ తిప్పి చెవి ఆనించి వింటున్నాను, మళ్లీ నింపించారేమోనని.