చేపల చెరువులో వెనక్కి పల్టీ

చేపలు పట్టేశాక, మా చెరువులో నీళ్ళు తోడేయడానికి నాలుగు రోజుల గడువుంది. ఆలోగా నేను వెనక్కి పల్టీ కొట్టడం నేర్చుకోవాలి. గోవాలో వేక్‌బోర్డు నేర్పే ఉద్యోగముందని, పల్టీ వీడియో పంపితే చాలని భీమడోలులో ఉండే నా స్నేహితుడు చెప్పాడు. వాడు అక్కడ రెండేళ్ళు పనిచేసి, వస్తూ పాత బోర్డొకటి తెచ్చుకున్నాడు. నేనేమో ఏడేళ్ళుగా కైకలూరులో మా చేపల మేత కొట్టులో బస్తాలు దింపిస్తున్నాను.

వేక్‌బోర్డంటే ఒక పలక. దానికున్న బూట్లలో రెండు కాళ్ళూ బిగించుకుని, తాడు పట్టుకుని నీళ్ళమీద జారాలి. నీళ్ళు తోడే ఇంజనుకు వాడొక చక్రం తగిలించి, తాడు దానికి చుట్టుకునేలా చేశాడు. డ్రమ్ములమీద ప్లైవుడ్ షీటు వాలుగా కట్టి, దానిమీంచి గాల్లోకి లేవమన్నాడు.

"తాడు చివరున్న పిడి నడుం దగ్గరే ఉంచు. చేతులతో లాక్కోకు. పడితే మాత్రం వెంటనే వదిలెయ్యి," అన్నాడు. చెప్పడానికేం, ఎంతైనా చెబుతాడు.

కొట్టు పెట్టకముందు మా నాన్న వల ముఠాకు మేస్త్రీ. పదేళ్ళప్పటినుంచి ఆయన పక్కన వల లాగినవాణ్ణి. తాడు చేతికొస్తే గుండెకేసి లాగడమే నాకు తెలుసు. మధ్యలో వదిలితే ముఠా అంతా తిట్టేది. ఇక్కడా అంతే, గాల్లోకి లేవగానే నా చేతులు పిడిని గుండెకు లాక్కునేవి. నడుం తిరిగేది కాదు. వీపుమీద పడేవాణ్ణి. పోనీ పడ్డాకైనా వదిలేవాణ్ణా అంటే అదీ లేదు. ఇంజను ఆపేదాకా తాడు నన్ను ఈడ్చుకుపోయేది. కాళ్ళేమో బూట్లలో, నోటినిండా మేత వాసన కొట్టే నీళ్ళు.

"తాడు వదలరా బాబూ, చచ్చిపోతావ్," అని వాడు గట్టుమీంచి అరిచేవాడు.

వదలాలనే నాకూ ఉంది. వేళ్ళు మాట వినవు. రెండో రోజు సాయంత్రానికి ఏడుపొచ్చేసింది. ముప్పై ఏళ్ళొచ్చి మా చెరువులోనే ఇరుక్కుపోయానని ఉక్రోషం. గట్టుమీద కూర్చుని చూస్తున్న నాన్న మీద కూడా కోపం వచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం పల్టీ వచ్చింది. నొప్పులతో చేతులు లాగలేక నడుం దగ్గరే ఉండిపోయాయి, అంతే. ఆకాశం కాళ్ళ కిందికి పోయి మళ్ళీ పైకొచ్చింది. చూస్తే నీళ్ళమీద నిలబడే ఉన్నాను. వాడు వీడియో తీసి అప్పుడే పంపేశాడు. మర్నాడు పొద్దున్నే జవాబు: ఎప్పుడొస్తారు?

నాన్న చెరువు దగ్గర పంపు బిగిస్తుంటే వెళ్ళి చెప్పాను. కొట్టు ఎవరు చూస్తారంటారని, తన మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తుతారని, వాదించడానికి సిద్ధపడే వెళ్ళాను.

"వెళ్ళరా. నేనెప్పుడు వద్దన్నాను?" అన్నారు, పైపు సర్దుకుంటూ.

నిజమే, ఎప్పుడూ అనలేదు. నాన్న కదలనివ్వడం లేదని ఏలూరులో నాతో చదివినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగింది నేనే. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ భయమేసింది.

వచ్చే వారం వస్తానని గోవావాళ్ళకు టైపు చేశాను, చెరిపేశాను. నెలైంది. ఈ పొద్దున కూడా వెళ్ళి కొట్టు తాళం తీశాను.