రాజన్న దాచుకున్న అరబ్బీ

అది 2018. ఒక్కో విదేశీ కార్మికుడి మీద కంపెనీలు కట్టాల్సిన లెవీ పెరిగిన ఏడాది. రియాద్‌లో సులై గోదాముల మధ్య ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో నేను బిగినర్స్‌కి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మాది భీమవరం పక్క. నా నోరు కాస్త పెద్దదని మా ఆవిడ అంటుంది. క్లాసులో నాకు అదే పెట్టుబడి.

అప్పుడు నా దగ్గరున్న బ్యాచ్ వాళ్ల పరిస్థితి మాత్రం నవ్వులాటగా లేదు. సౌదీ ఉద్యోగులు చాలినంతమంది లేక వాళ్ల కంపెనీ నితాకత్‌లో, అంటే స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే సర్కారు లెక్కల్లో, రెడ్‌లో పడింది. రెడ్‌లో పడితే పనివాళ్ల అకామాలు, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులు, రెన్యూ కావు. కాకపోతే ఆ పనివాళ్లు వేరే యజమాని, అంటే కఫీల్ కిందికి మారొచ్చు. ఒక మెయింటెనెన్స్ కంపెనీ వాళ్లలో కొందరిని తీసుకుంటానంది. ముందు నా దగ్గర కోర్సు, తర్వాత ఇంగ్లీషులో ఇంటర్వ్యూ. అందులో తప్పితే ఫైనల్ ఎగ్జిటే, ఇంటికి విమానం.

కోర్సులో మూడో పాఠం దేశాలు, జాతీయతలు, భాషలు. జెండాల బొమ్మలు చూపించి, ఎక్కణ్ణుంచి వచ్చావు, ఏ దేశస్తుడివి, ఏ భాషలు వచ్చు అని అడిగించాలి. దీన్ని పెయిర్ వర్క్ అంటాం. ఇద్దరిద్దరు కూర్చుని ఒకరినొకరు ప్రశ్నలడగడం. దేశమేదంటే ఒకడు జగిత్యాల అన్నాడు. పక్కవాడు సులై క్యాంపు అన్నాడు. "మీ క్యాంపుకి జెండా ఎప్పుడు ఎగరేశారయ్యా?" అంటే అందరూ పకపకా నవ్వారు.

రాజన్న ఒక్కడే నవ్వలేదు. నిజామాబాద్ జిల్లా మనిషి, యాభైకి దగ్గరపడ్డాడు, ఏసీ పని. ఇంగ్లీషు కుదురుగానే నేర్చుకుంటున్నాడు. ఏ భాషలు వచ్చంటే మాత్రం ప్రతిసారీ "ఐ స్పీక్ తెలుగు" అని ఆగిపోయేవాడు. ఇక్కడ ఇన్నేళ్లున్నవాడికి హిందీ అయినా రాకుండా ఉంటుందా?

"ఇంకా ఏం వచ్చు రాజన్నా?"

"ఏం రావు సార్. తెలుగొక్కటే."

నాకు బెంగ పట్టుకుంది. నిచ్చెనలెక్కి డక్టులు బిగించే పనికి కుర్రాళ్లనే తీసుకుంటారు. రాజన్నకు దొరికితే ఫోర్‌మన్ పనే దొరకాలి. ఫోర్‌మన్ కింద పాకిస్తానీలు, బంగ్లాదేశీలు, యెమెనీలు ఉంటారు. ఒక్క తెలుగుతో వాళ్లనెలా నడిపిస్తాడు? ఆయన కూతురు ఊళ్లో నర్సింగ్ చదువుతోంది. అది పూర్తయ్యేదాకా ఇక్కడ ఉండనిస్తే చాలని ఆయనే నాతో అన్నాడు.

ఒకరోజు టీ విరామంలో గేటు దగ్గర గొడవైంది. మా యెమెనీ గార్డు ఒక బంగ్లాదేశీ విద్యార్థిని లోపలికి రానివ్వడం లేదు. ఇద్దరూ అరుచుకుంటున్నారు, ఒకడి మాట ఒకడికి అర్థం కావడం లేదు. రాజన్న వెళ్లి గార్డుతో అరబ్బీలో నాలుగు ముక్కలు మాట్లాడాడు, వెనక్కి తిరిగి కుర్రాడితో హిందీ, బంగ్లా కలిపి ఏదో చెప్పాడు. గార్డు నవ్వి గేటు తీశాడు. నేను టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

క్లాసయ్యాక ఆపాను. "ఏవయ్యా, నా చెవిలో పువ్వులు పెడుతున్నావా? అంత అరబ్బీ వచ్చి రాదంటావేంటి?"

రాజన్న కూర్చుని బెంచీ గీరుతూ చెప్పాడు.

"మొదటిసారి నితాకత్ వచ్చినప్పుడు సార్, పాత కంపెనీల మావోళ్లను లైన్ల నిలవెట్టిండ్రు. అరబ్బీ వస్తదని నన్ను ముందటికి దొబ్బిండ్రు. 'మీ అకామాలు రెన్యూ కావు, ఇంటికి వోవాలె' అని ముదీర్, గదే మా మేనేజర్, అంటుంటే నేను తెలుగుల జెప్పిన. ఆయన చెప్పిచ్చి లోపలికి వోయి కూసున్నడు. తిట్లన్ని నాకు వడ్డయి. గా లైన్ల మా బామ్మర్ది సాయన్న గూడ ఉన్నడు. వాన్ని నేనే వీసా మీద తెచ్చిన. నా మొకం సూసి, 'నీ నోట్లకెల్లి ఎట్లొచ్చింది బావా గా మాట' అన్నడు. గంతే. అప్పటిసంది నాతోని మాట్లాడలే."

జాలిపడాల్సింది పోయి నాకు కోపం వచ్చింది, నా స్వభావం అంతే. "నీ పంతం సంగతి సరే. అరబ్బీ రాదన్నావంటే నిన్ను ఇంటికి పంపేస్తారు. అమ్మాయి చదువేం కాను?"

రాజన్న లేచి వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూ ముందురోజు వచ్చి అడిగాడు. "సార్, పని మాటలు జెప్త, ఇంటికి వొమ్మనే మాట మాత్రం జెప్ప అని ఇంగ్లీషుల ఎట్లనాలె?"

అది ఏ పాఠంలోనూ లేని వాక్యం. "అలా అన్నావంటే పిలిచి ఇచ్చే ఉద్యోగం కూడా పోతుంది, ఆలోచించుకో" అన్నాను. "పోతె పోనియ్యిన్రి" అన్నాడు. చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నేర్పాను. వాక్యం నోటికొచ్చేదాకా వదలకుండా పదే పదే పలికించడాన్ని మేం డ్రిల్ అంటాం. అంత బాధగా ఏనాడూ డ్రిల్ చేయించలేదు.

ఇంటర్వ్యూ చేసింది ఒక ఈజిప్టు ఇంజనీరు. నన్ను మూలన కూర్చోమన్నాడు. పేరు, దేశం, జాతీయత గడగడా అయిపోయాయి. భాషల దగ్గరికొచ్చింది. రాజన్న నావైపు చూడలేదు.

"తెలుగు. ఉర్దూ. అరబిక్. లిటిల్ బంగ్లా."

ఇంజనీరు మొహం విప్పారింది. అరబ్బీలో ఏవో అడిగాడు. రాజన్న తడుముకోకుండా చెప్పాడు. "గుడ్. యూ ఫోర్‌మన్. నేను ఏది చెబితే అది నువ్వు వాళ్లకి చెప్పాలి" అన్నాడు ఇంగ్లీషులో.

రాజన్న లేచి నిలబడ్డాడు. "సార్, వర్క్, ఐ టెల్. సేఫ్టీ, ఐ టెల్. ఎగ్జిట్, యూ టెల్. ఐ స్టాండ్ విత్ మెన్."

అయిపోయింది, పచ్చటి ఉద్యోగాన్ని చేతులారా కాలదన్నుకున్నాడు అనుకున్నాను. ఇంజనీరు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. ఎందుకని అడిగాడు. రాజన్న అరబ్బీలో చెప్పుకొచ్చాడు. ఇంజనీరు చాలాసేపు విని నెమ్మదిగా ఒక మాట అన్నాడు, కాగితం మీద సంతకం పెట్టి చెయ్యి చాపాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. బయటికొచ్చాక అడిగాను.

"గా మాట జెప్పుడు ఆయనకు గూడ చాతకాదట సార్. అందుకే అరబ్బీ వచ్చినోని కోసం దేవులాడుతున్నరట. ఇగ నేనే జెప్పుకుంట తియ్యి అన్నడు."

నవ్వాలో ఏడవాలో తెలియక రాజన్న భుజం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఇన్నేళ్లలో ఆ పాఠం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. ఏ భాషలు వచ్చని అడగడం తేలికే. ఆ భాషలో ఆ మనిషి చేత ఎవరు ఏం చెప్పించారో పుస్తకంలో ఉండదు. ఇప్పుడు ఎవరైనా ఒక్క భాషే చెప్పి ఆగిపోతే నేను వేళాకోళం చేయను, రెట్టించను. పెయిర్ వర్క్‌లో పక్కవాణ్ణి మార్చి, ముందు టీ తాగి రమ్మంటాను.

కొన్ని నెలల తర్వాత రాజన్న కనిపించాడు. ఫోర్‌మన్ టోపీలో దర్జాగా ఉన్నాడు. అమ్మాయి పరీక్షలు రాసిందని చెప్పాడు. సాయన్న మాట్లాడాడా అని అడిగాను. ఇంటర్వ్యూ సంగతి రాజన్న భార్య ద్వారా ఆమె తమ్ముడికి చేరే ఉంటుందని నా ఆశ.

"తెల్సిందట సార్. అయినా మాట్లాడలే." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వానిదేం తప్పు? ముదీర్ అన్నది వానికి సమజే గాలే. వాడు ఇన్నది నా గొంతే గద."