తాడు లేకుండా ఇచ్చిన కుక్క

మా అత్త ఎంగిలి చేత్తో కాకిని తోలే మనిషి కాదు. కుక్కలంటే అసలే గిట్టదు. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే నేను నడుము విరిగిన కుక్కను గోనెసంచిలో వేసుకొని వచ్చాను. ఆవిడ చీపురు పట్టుకొని గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మే, కళ్ళానికి పోయి శెనక్కాయలు తెమ్మంటే ఏంది తెచ్చినావు?"

ఆ రోజుల్లో పావగడ తాలూకాలో ఎటు చూసినా వేరుశనగే. వాన పడితే కాయ, పడకపోతే ఉత్త కట్టె. ఆ ఏడు కాయ బాగానే కాసింది. మూటలు ఎత్తడానికి కళ్ళంలోకి వచ్చిన లారీ వెనక్కి మళ్ళుతూ, శెనగ కట్టె వామి నీడలో పడుకున్న ఈ కుక్క మీదుగా పోయింది. "చచ్చిపోతాదిలే" అని డ్రైవరు వెళ్ళిపోయాడు. అది చావలేదు. వెనక కాళ్ళు రెండూ చచ్చాయి, మిగతాదంతా బతికింది.

అత్త కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున నేను లేచేసరికి రాగిముద్ద తుంచి మజ్జిగలో పిసికి దాని ముందు పెడుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి, "మిగిలింది, పారేస్తే పాపం" అంది. మా ఇంట్లో ముద్ద మిగలడం నేనెప్పుడూ చూసి ఎరగను.

ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ అది వీధిలోకి పోయేది. వీధిలో బండ్లు తిరుగుతాయి కదా అని, చచ్చిపోయిన దూడ పలుపు ఒకటి ఉంటే అత్తే దాని మెడకు కట్టి అరుగు స్తంభానికి ముడివేసింది. కిత్తనారతో పేనిన గట్టి తాడు అది. అక్కడ కూర్చుని కుక్క మా వాకిట్లో ఎండబోసిన కాయలకు కావలి కాసేది. ఉడతల మీద మొరిగేది, కాకుల మీద మొరిగేది, అత్త పుట్టింటివాళ్ళు వస్తే వాళ్ళ మీద ఇంకాస్త గట్టిగా మొరిగేది. నాకు మాత్రం ఆ చివరిది భలే నచ్చేది.

తర్వాత వాన మొహం చాటేసింది. ఒక ఏడు కాదు, వరసగా. విత్తనానికి దాచిన కాయలు కూడా ఒలుచుకొని తిన్నాం. మా ఆయన ముందే బెంగళూరు పోయి, కట్టడాల దగ్గర సిమెంటు మోసే పనిలో చేరాడు. మమ్మల్నీ రమ్మని కబురు పెట్టాడు. అక్కడ రేకుల షెడ్డులో ఇంకో సంసారంతో కలిసి ఉండాలి. మనుషులకే ఒత్తిగిలడానికి చోటు లేదు. కుక్కను తీసుకుపోయే మాటే లేదు.

దాన్ని బతికినన్నాళ్ళూ పెట్టుకునే ఇల్లు ఒకటి దొరికితే తప్ప బస్సెక్కనని నేను మొండికేశాను. ఎక్కడని వెతకను? పావగడ బస్టాండులో టీ అంగడాయన్ను అడిగితే, "తానే దూర కంత లేదు, మెడకో డోలంట. పోమ్మా" అన్నాడు. వల్లూరులో మా దూరపు చుట్టాలు, నడిచే కుక్కయితే చూస్తామన్నారు. గొడ్లాసుపత్రిలో మందులిచ్చే ఆయన దాని తల మీద చెయ్యి వేసి, "సూది వేస్తే నొప్పి తెలీకుండా పోతాది. దానికీ మేలు, మీకూ మేలు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. నేనే దాన్ని ఎత్తుకొని బయటికి వచ్చేశాను. నాతో వచ్చి బయట వేపచెట్టు కింద కూర్చున్న అత్త ఏమన్నాడని అడిగింది.

"సూది వేస్తాడంట అత్తా."

"ఆయప్పనే ఏసుకోమను" అని చీర దులుపుకొని లేచింది. ఆ రోజు నుంచి వెతకడంలో ఆవిడ నాకన్నా ముందు నడిచింది.

చివరికి ఊరి బయట గుట్ట కింద ఉండే ముసలాయన దొరికాడు. గొర్రెలు కాసి బతికిన మనిషి. కరువులో మేత లేక మంద మొత్తం అమ్మేశాడు. అమ్మిన రోజు ఆయన కుక్కలు కూడా మంద వెనకే పోయాయి. కంపతో కట్టిన గొర్రెల దొడ్డి ఖాళీగా ఉండేది, పక్కనే గుడిసెలో ఆయన ఒక్కడే ఉండేవాడు. కుక్క అరుపు ఆగిపోయిన దొడ్డికి గొర్రెలు మళ్ళీ రావని ఆయన నమ్మకం.

"దీనికి నడక లేదు తాతా" అన్నాను.

"మొరుగుతాదా?"

"ఊరంతా వినపడేట్టు మొరుగుతాది."

"ఇంకేమమ్మా. నా దొడ్లో ఎంట పరిగెత్తేదానికి ఒగ గొర్రెన్నా ఉండాదా? అది బతికినన్నాళ్ళు నేను పెట్టుకుంటా" అని అత్త చేతిలో చెయ్యి వేశాడు. నాకు ఏడుపొచ్చింది. అంత నిమ్మళం నాకు ఆ ఏడాదిలో అదే మొదలు.

మర్నాడు దాన్ని దొడ్డికి తీసుకుపోయాం. మా వైపు గొడ్డును అమ్మినా, ఊరికే ఇచ్చినా, పలుపు మాత్రం ఇవ్వరు. పలుపు పోతే దాని వెంట ఇంటి పాడి పోతుందంటారు. అత్త కూర్చుని కుక్క మెడకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది.

"కుక్కకు పాడేంది అత్తా?" అని నవ్వాను.

"నోరు మూసుకోమ్మే. ఆ తాడుతో ఎన్ని దూడల్ని కట్టేసినాం మనం. గొడ్డయితేనేమి, కుక్కయితేనేమి."

ముసలాయన కూడా తలూపాడు. "అవునమ్మా, పలుపు మీదే. కాళ్ళు లేంది యాడికి పోతాది, కట్టేసే పనేముండాది?"

నిజమే కదా అని ముగ్గురం అనుకున్నాం. అత్త ఆ పలుపు చుట్ట చుట్టి, తలుపు వెనక మేకుకు తగిలించి, ఇంటికి తాళం వేసింది.

బెంగళూరులో మా తాలూకా మనిషి ఎవరు కనబడినా అత్త మొదట అడిగేది వాన గురించి, తర్వాత కుక్క గురించి. ఊరి నుంచి వచ్చిన ఒకాయన, "ముసలాయన కాడే ఉండాది, బాగా చూసుకుంటాడు" అన్నాడు. ఆ రోజు అత్త రెండు ముద్దలు ఎక్కువ తింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు.

మరుసటి ఏడు తొలకరి పడిందని తెలిసి, విత్తడానికి ఊరికి వచ్చాం. మా ఇంటి అరుగు మీద కంబళి పరిచి ఉంది. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి, మసిపట్టిన చట్టి. ముసలాయన స్తంభానికి ఆనుకొని కూర్చుని ఉన్నాడు. కుక్క లేదు. తలుపు చెక్క అడుగున గోళ్ళతో గీరిన గీతలు ఉన్నాయి.

"మీరు పోయిన రెండోనాడే వచ్చిందమ్మా, ఈడ్చుకుంటా" అన్నాడు. "రొమ్మంతా చీరుకపోయింది. ఎత్తుకోని పోయినా. మళ్ళా వచ్చింది. నా తాడుతో కట్టేసి చూసినా. కూడు ముట్టలే. ఇప్పితే మళ్ళా ఈడికే. ఇంట్లో ఎవరూ లేరే అని చెప్తే వింటాదా? ఆ తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూసేది. లోపల దాని పలుపు ఉండె కదా."

అత్త నిలబడే ఉంది. చేతిలో తాళంచెవి ఉంది గానీ తీయడం లేదు.

"అందుకని నువ్వే ఈడికి వచ్చేసినావా తాతా?" అన్నాను.

"పెట్టుకుంటానని చెయ్యి ఏసినా కదమ్మా. యాడ పెట్టుకోవాల్నో అది చెప్పింది."

తన దొడ్డిలో మొరగడానికని తీసుకున్న కుక్క కోసం ఆయన దొడ్డినే వదిలేసి, మా అరుగు మీద ఎండకూ చలికీ ఉండిపోయాడు. వాన పడటానికి కొన్నాళ్ళ ముందు అది పోయిందట. వాకిలి మూలన పూడ్చి, పందులు తవ్వకుండా పైన బండ పెట్టాడు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు, అక్కడే కూలబడి ఏడ్చాను. దానికి ఇల్లు వెతుకుతూ నేను ఊళ్ళన్నీ తిరిగాను. దానికి ఇల్లు ముందునుంచే ఉంది. అందులో మేమే లేము.

అత్త చాలాసేపటికి తాళం తీసింది. మేకు మీది పలుపు తీసుకొని, ఆ మూలకు పోయి బండ కింద పెట్టి వచ్చింది. ఆ రాత్రి ముసలాయనకు మా ఇంట్లోనే కూడు పెట్టింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ పెట్టింది.

మళ్ళీ కరువు రాకుండా ఉంటుందా, వచ్చింది. ఆ మధ్య కొనుక్కున్న ఎద్దుల్ని అమ్మేశాం. కొన్నాయన తోలుకుపోవడానికి వచ్చినప్పుడు అత్త వాటిని పలుపులతో సహా అప్పగించింది. ఆయనే భయపడ్డాడు.

"పలుపులు ఇప్పుకోమ్మా, ఇంటికి మంచిది కాదు."

"వద్దుప్పా, తీసకపో" అంది అత్త. "పలుపు ఈడుంటే అవి మళ్ళా ఈడికే వస్తాయి. అవి వచ్చే పొద్దుకు మేముంటామో లేదో."