వదిన పాటలున్న మెమరీ కార్డు

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమకాలపు కీర్తనలను మా వదిన పాడే రాగం పోర్ట్ బ్లెయిర్‌లో మా సంఘంలో తప్ప నేనెక్కడా వినలేదు. విశాఖపట్నం నుంచి వచ్చే పాస్టర్లు కూడా మొదటిసారి విని, వేరే పాటేమోనని పుస్తకం తిరగేసేవారు. మా అమ్మల తరం ఓడలో వస్తూ తెచ్చుకున్న రాగాలవి. వాళ్లలో ఎవరూ మిగల్లేదు. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్న వదిన ఒక్కతే ఉంది.

ఇక్కడ పుట్టిన మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. పాటల పుస్తకం ఇస్తే అట్ట చూసి తిరిగి ఇచ్చేస్తారు. విని నేర్చుకోవాల్సిందే. అందుకే ఆస్టినాబాద్‌లో వదిన ఇంటి వరండాలో, ఆమెకు ఓపిక ఉన్న సాయంత్రాల్లో, ఆ కీర్తనలన్నీ నా ఫోన్‌లో రికార్డు చేశాను. ఏ రోజు ఏది పాడిందో, వాన చప్పుడు ఎక్కడ అడ్డొచ్చిందో డైరీలో రాసుకున్నాను. అన్నీ సరిచేసి, వరుసపెట్టి, ఒకేసారి పిల్లలకు ఇద్దామనుకున్నాను. స్టోర్స్‌లో పనిచేసినవాణ్ణి, సగం సరుకు పంపడం నాకు అలవాటు లేదు. అలా ఒక్కటీ ఎవరికీ పంపలేదు. ఈలోగా వదినకు ఆయాసం ముదిరింది.

తర్వాత ఫోన్ మొరాయించింది. మాట్లాడుతుంటే తెర నల్లబడేది, తనంతట తానే ఆగిపోయి మళ్లీ వెలిగేది. అబర్డీన్ బజార్‌లో నాకు తెలిసిన దుకాణానికి పట్టుకెళ్లాను. దుకాణదారు నడివయసు మనిషి, మా తెలుగువాడే.

"ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించాలి అంకుల్. లోపల ఉన్నదంతా సాఫ్ అయిపోద్ది. ముందే చెప్తున్నా, తర్వాత నా మీద పడకండి."

"పాటలు కార్డులోకి తీసుకున్నాను. ఒక్కొక్కటీ సరిచూశాను."

"నెట్‌లో కూడా పెట్టేద్దామా? మన వైఫై ఫ్రీయే."

నేను నవ్వాను. "భయ్యా, తుఫాను వస్తే మనకు ఓడే రాదు, నెట్ వస్తుందా? చేతిలో ఉన్నదే నాది."

"అచ్ఛా, మీ ఇష్టం."

ఇప్పుడు నెట్ బాగానే వస్తోంది. కానీ రోజుల తరబడి అది లేకుండా గడిపినవాళ్లం. పెళ్లి ఫొటోలైనా సరే, ఓడెక్కేవాళ్ల చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపిన అలవాటు మాది. కార్డు తీసి చొక్కా జేబులో వేసుకుని నిశ్చింతగా కూర్చున్నాను.

ఫోన్ కొత్తదానిలా లేచింది. కార్డు పెట్టగానే, దీన్ని చదవలేను, ఫార్మాట్ చేయాలా అని అడిగింది. అతను దాన్ని కంప్యూటర్‌లోనూ పెట్టి చూశాడు.

"ఈ కార్డుని ఎప్పుడైనా ఫోన్ మెమరీలో కలిపేశారా అంకుల్?"

"జాగా చాలక కలిపాను."

అతను కార్డు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. "అలా కలిపితే కార్డుకి తాళం పడిపోద్ది. దాని తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది. ఇప్పుడు ఫోన్‌ని సాఫ్ చేసేశాం కదా..."

పాటలు కార్డులోనే ఉన్నాయి. వాటిని తెరిచే దారి లేదు. బస్సులో కూర్చున్నంతసేపూ జేబు మీద చెయ్యి తియ్యలేదు.

ఆదివారం వదిన ఇంటికి వెళ్లాను. దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏటి మరిదీ ఆ ముఖం? చచ్చింది ఫోనా, నేనా?"

"నీ పాటలు పోయాయి వదినా."

"పోతే పోనీ. పాడినదాన్ని ఉన్నాను కదా. తియ్యి నీ డబ్బా."

ఫోన్ తీసి రికార్డు నొక్కాను. మొదటి చరణం మొదటి వరుస అచ్చంగా వచ్చింది. రెండో వరుసలో రాగం కిందికి దిగి, అక్కడే చాలాసేపు నిలవాలి. ఊపిరి అందలేదు. ఆమె దాన్ని పైకెత్తేసింది. ఆ ఇంట్లో ఫోన్లలో పొద్దస్తమానం మోగే, అందరూ పాడే రాగంలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత వెనక్కి రాలేదు.

నలుగురితో గొంతు కలపడమే గానీ, నాకు విడిగా పాడటం రాదు. తప్పితే తెలుస్తుంది గానీ, సరైనది నా గొంతులో పలకదు. అందించలేకపోయాను.

పాట ముగించి, ఆయాసపడుతూనే అడిగింది. "ఇదే కదా?"

"ఇదే వదినా."

ఆ సాయంత్రమే దాన్ని పిల్లలకు పంపేశాను. మంచి శుక్రవారం నాడు అందరూ పాడే ఆ రాగంలోనే తడబడకుండా పాడారు. ముందు వరుసలో వదిన మోకాలి మీద తాళం వేస్తోంది. పక్కనున్నవాళ్లతో నన్ను చూపించి, మా మరిదే రికార్డు చేశాడని చెబుతోంది. నేను పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాను. గొంతు కలపలేకపోయాను.