పౌడరు పోసిన అమ్మవారు

నౌపడ దగ్గర సముద్రపొడ్డు పేటలో పుట్టిన జగ్గమ్మ మేనమామ దాలయ్యనే చేసుకుంది. అతను తెప్ప మీద వేటకెళితే ఆమె చేపల గంప నెత్తికెత్తుకుని రైలెక్కేది. రైల్లో పక్కవాళ్లు ముక్కు మూసుకుని జరిగి కూర్చునేవారు. ఎంత నోరున్న మనిషైనా అప్పుడు మాత్రం మనసు చివుక్కుమనేది.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఓ సాలూరు లారీ డ్రైవరు దగ్గర గులాబీ వాసన పౌడరు డబ్బా కొంది. మొహానికీ, మెడకీ, చేతులకీ గోడకి సున్నం కొట్టినట్టు కొట్టింది. తెల్లారేసరికి ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు.

పక్కింటి ముసలి దేముడమ్మ చూసి చెంపలేసుకుంది. "అమ్మోరు పోసినాదే."

అంతే, గుమ్మానికి వేపమండలు కట్టారు. తెప్పలు ఒడ్డెక్కాయి. అమ్మవారు ఊళ్లో ఉండగా వేటకెళ్లకూడదు మరి. సరిగ్గా అప్పుడే కవళ్ల చేపల గుంపు ఒడ్డు దగ్గరికొచ్చింది. అది దాటిపోతే వానాకాలమంతా పేటకి గంజే గతి.

"అమ్మోరు కాదు మావా, పౌడరు నాకు పడనేదు," అని జగ్గమ్మ మొత్తుకుంది.

"అలాగనకు తల్లీ," అన్నాడు దాలయ్య దణ్ణం పెట్టి. నిన్నటిదాకా ఒసే అన్న మొగుడు.

రుజువు చూపిద్దామని అతని చేతికి పౌడరు రాసింది. ఏమీ కాలేదు. దేముడమ్మ రాసుకుంది. ఏమీ కాలేదు. పేటంతా రాసుకుని ఘుమఘుమలాడింది గానీ ఒక్కరికి ఒక్క దద్దురు లేస్తే ఒట్టు. ఒకరికి పడనిది ఇంకొకరికి పడొచ్చని ఆ మహానుభావులకు చెప్పేదెవరు? పైగా ఆ పౌడరు మొహాలతోనే ఆమె కాళ్లకి మొక్కడానికి ఎగబడ్డారు. దద్దుర్లు రెట్టింపయ్యాయి.

"సూసారా, పౌడరే అయితే మనకీ వచ్చును గదా," అంది దేముడమ్మ.

జగ్గమ్మకి ఏడుపొచ్చింది. కళ్లెదుటే కూడు కొట్టుకుపోతోంది. చివరికి జుట్టు విరబోసుకుని వీధిలోకొచ్చి ఊగింది.

"నాను అమ్మోరినే. నా మాట ఇంటారా ఇనరా? ఆ డబ్బా సంద్రంలో పారీండి. తెప్పలు తీసి యేటకి పొండి."

మారుమాట లేకుండా పోయారు. తెప్పలు మునిగేటంత చేప పడింది. వారం తిరక్కుండా దద్దుర్లు పోయాయి, వేపమండలూ తీసేశారు.

మర్నాడు దాలయ్య వేటకి బయలుదేరుతుంటే జగ్గమ్మ వల పట్టి చూసింది. "కన్నాలు పడ్డాయి మావా, కుట్టుకుని ఎల్లు."

"నీకేటి తెలుసే, గంపెత్తు," అని అతను తెప్ప తోసేశాడు.

సాయంత్రం ఉత్త వలతో తిరిగొచ్చాడు. డబ్బాలోంచి ఒక్క చిటికెడు పౌడరైనా దాచుకోలేదే అని జగ్గమ్మ తన్ను తానే తిట్టుకుంది.