మట్లలో రాసిన బావులు

రెండువేల సంవత్సరం తర్వాత వచ్చిన కరువు ఏళ్ళలో ఒక పొద్దున, బెళుగుప్ప దగ్గరి మా ఊరి బడి వరండాలోకి ఒక అధికారి పుస్తకంలా తెరుచుకునే కంప్యూటరు తెచ్చాడు. లోతు బావులు ఎక్కువగా ఎండిన ఊరి వాగుకు చెక్‌డ్యాం మంజూరవుతుంది. ఏ ఊళ్ళో ఏ బావులు ఎండాయో ఆ జాబితా ఆయన సాయంత్రంలోగా ఖాయం చేసుకుని పోవాలి.

కంప్యూటరుకు పక్కన ఒకే ఒక అర ఉంది. మొదట అందులో సీడీలు ఆడించే ముక్క పెట్టి వాననీటి మీద సినిమా చూపించాడు. బొమ్మలకు రంగులున్నాయి, మాట వినిపించడానికి స్పీకర్లు లోపలే ఉన్నాయి. తర్వాత ఆ ముక్కను సొరుగులా లాగేసి, అదే అరలోకి ఫ్లాపీలు చదివే ముక్కను తోశాడు. ఒక ఎద్దును విప్పి అదే గుంజకు ఇంకో ఎద్దును కట్టినట్టు.

నా జాబితా ఆ ఫ్లాపీలో ఉంది. నేను బడికి పోనివాణ్ణి, అక్షరాలు సొంతంగా నేర్చుకున్నాను. మా ఊరి నలభై ఒక్క బావులు ఎవరు తవ్వించారో, ఎంత లోతో, ఏ కరువులో ఎండాయో జ్ఞాపకం మీదే రాసిస్తే, మండలాఫీసులో ఒక అమ్మాయి ఫారంలోకి టైపు చేసింది.

అధికారి చదివి నవ్వాడు. "ఏం పెద్దాయనా, ఏడడుగులు, తొమ్మిదడుగులు... ఇవి బావులా, గుంతలా? ఇవి లెక్కలోకి రావు."

నాకు ఒళ్ళు మండింది. కానీ తప్పు నాదే. నేను రాసింది మట్లలో. అంకె పక్కన ఆ మాట పెట్టలేదు. బావి లోతుకు ఇంకో కొలత ఉంటుందని నాకు తోచనే లేదు.

వాటిలో సగం బావులు తవ్విన మా సాయిబు పక్కనే ఉన్నాడు. "ఏడడుగులంట! దిగి రాపో సారూ. నువ్వు పైకొచ్చేసరికి నీకు పెండ్లీడు దాటిపోతాది" అన్నాడు.

"అవి అడుగులు కాదు సార్, మట్లు" అన్నాను.

"మట్టు అంటే ఎంత?" అన్నాడు అధికారి.

"మనిషి నిలువు సార్" అన్నాను.

"ఏ మనిషి?"

సాయిబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "తవ్వినోన్ని నేను. నన్నే కొలువప్పా."

అధికారి సంచిలోంచి తీసిన టేపు ఐదున్నర అడుగులు చూపింది.

"ఎండకు కొంచెం వాడిపోయినా. ఆరని రాసుకో."

"ఐదున్నరే" అన్నాడు అధికారి, నవ్వు ఆపుకుంటూ.

అంతలో కంప్యూటరు కీచుమంది. బ్యాటరీ అయిపోతోంది. ఊళ్ళో పొద్దున్నించీ కరెంటు లేదు.

"అనంతపురం పోయి దిద్దుకుంటాలే" అన్నాడాయన.

"ఈడే దిద్దు సార్. ఆడికి పోతే ఏడు ఏడుగానే ఉంటాది" అన్నాను నేను.

ఆయన నా ముఖం చూసి సంచిలోంచి రెండో బ్యాటరీ తీశాడు. అదీ ఆ అరలోకే పోవాలి. జాబితాను మిషన్లోకి ఎక్కించుకుని, ఫ్లాపీ ముక్క లాగేసి, బ్యాటరీ తోశాడు. మిషన్ ఆరలేదు. ఆ పనితనాన్ని మాత్రం మెచ్చుకోవాలి.

నేను ఒక్కో బావీ చెబుతూ, మట్లను నోటిలెక్కతోనే అడుగులు చేశాను. ఆయన టైపు కొట్టుకుంటూ పోయాడు. నలభై ఒకటీ అయ్యేదాకా నేను ఆయన్ను లేవనివ్వలేదు.

చెక్‌డ్యాం మా వాగుకే వచ్చింది. కట్టాక రెండేళ్ళు అందులో చుక్క నిలవలేదు. వాన పడనిది వేరే సంగతి. మావి గుంతలని మాత్రం ఏ కాగితంలోనూ లేదు.