ఫ్యాన్లు వెయ్యనివ్వని రోజు

గుడివాడలో ఇన్వర్టర్ కొన్న రోజున కొట్టాయన మమ్మల్ని అడిగింది ఒక్కటే.

"ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లండీ?"

"అవి తర్వాత. ముందు ఫ్రిజ్ నడవాలి" అన్నాను.

"ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ ఎవరూ పెట్టరండీ, మామ్మగారూ."

"మాది కోడూరు. గాలివానకి స్తంభాలు పడితే మళ్ళీ కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మా అక్క ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంటుంది."

అక్క నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. "టీవీ ఆడుద్దా బాబూ?" అని అడిగింది. తనకు కావలసింది సాయంత్రం సీరియలూ, నెత్తిన ఫ్యానూ.

ఫ్రిజ్ నడిచేటప్పుడు తాగే కరెంటు తక్కువేనట. కంప్రెసర్ మొదలయ్యే ఆ ఒక్క క్షణం మాత్రం ఎన్నో రెట్లు లాగుతుందట. చిన్న ఇన్వర్టర్ అక్కడే చేతులెత్తేస్తుంది. ఎంత బరువు ఎత్తగలదన్నది ఇన్వర్టర్ సైజు, ఎంతసేపు మోయగలదన్నది బ్యాటరీ. ఈ రెండూ వేరువేరు లెక్కలని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. సహకార సంఘంలో జమాఖర్చులు రాసి రిటైరైనదాన్ని, తెలిశాక ఊరుకోను. మా ఫ్రిజ్ వెనక రాసి ఉన్న వాట్లు కాగితం మీద రాసుకొచ్చాను. ఆయన ముందే గుణించి, భాగించి, పెద్ద సైజు ఇన్వర్టరూ రెండు బ్యాటరీలూ తీసుకున్నాను.

"ఇద్దరు ముసలాళ్ళకి ఇంత సరంజామానా" అంది అక్క బస్సులో. కోడూరు వచ్చేదాకా అదే మాట.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ అలవాటు ప్రకారం లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే లైను ఇచ్చి వెళ్ళబోయాడు. ఫ్రిజ్ ప్లగ్గుకి కూడా లాగించి, మెయిన్ ఆపించి, ఫ్రిజ్ నడుస్తోందో లేదో చూశాకే డబ్బులిచ్చాను. ఆ తర్వాత బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసినప్పుడల్లా పక్క గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసేదాన్ని.

కరెంటు పోతే మా ఇద్దరికీ ఒకటే తగువు. అక్క ఫ్యాను అయిదు మీద పెడుతుంది. నేను వెళ్ళి రెండుకి తిప్పుతాను. నేను వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ అయిదు. "నేను పోయాక అన్నీ కట్టేసుకుని చీకట్లో కూర్చోవే" అనేది నవ్వుతూ.

మూడేళ్ళ తర్వాత వచ్చిన గాలివాన మా మీదుగానే పోయింది. రాత్రంతా రేకులు కొట్టుకున్నాయి, నాలుగింటికి కరెంటు పోయింది. తెల్లవారేసరికి గాలి తగ్గింది, అక్క లేవలేదు. నిద్రలోనే వెళ్ళిపోయింది.

అక్కకి ఒక్కడే కొడుకు. చేపల లారీ నడుపుతాడు. ముదినేపల్లి చెరువుల్లో పట్టిన చేపలు ఐసులో వేసుకుని హౌరా వెళ్ళి, ఖాళీ లారీతో తిరిగొస్తుంటాడు. ఆ రోజు రాజమండ్రికి అవతల, చెట్లు పడ్డ రోడ్డు మీద ఆగిపోయి ఉన్నాడు. ఫోను ఒకసారి తగిలింది. చెప్పాను. "పిన్నీ, నేను వచ్చిందాకా ఉంచుతావా?" అన్నాడు.

"ఉంచుతాను" అన్నాను. ఏ లెక్కా వెయ్యకుండా నేను మాట ఇవ్వడం అదే మొదటిసారి.

శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె అవనిగడ్డ నుంచి ఆటో ట్రాలీలో వచ్చింది. తెచ్చినతను గుమ్మంలోనే ఆగాడు.

"కరెంటు లేదుగా అమ్మగారూ. జనరేటర్ ఉందా?"

"ఇన్వర్టర్ ఉంది."

"ఇన్వర్టర్ మీద ఇది ఆడదండీ. జనరేటర్ కావాల. ఇయ్యాళ జనరేటర్లన్నీ రొయ్యల చెరువుల మీదుంటాయి, నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే రొయ్య చస్తది. మనకెవరిస్తారు?"

"వెనక ఎన్ని వాట్లని రాసుందో చూడు."

వంగి చూసి నాలుగు వందలన్నాడు. రెండు బ్యాటరీలూ కలిపి కాగితం మీద మూడు వేల ఆరు వందల వాట్-గంటలు. బ్యాటరీలు పాతవి, ఇన్వర్టర్ తన వంతు తాను తింటుంది, అడుగంటా ఖాళీ చెయ్యకూడదు. రెండు వేల నాలుగు వందలు అనుకున్నాను. ఆపకుండా నడిస్తే ఆరు గంటలు. పెట్టె ఒకసారి చల్లబడ్డాక కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది కనక, ఇంకేమీ వెయ్యకపోతే పొద్దుగూకేదాకా లాగవచ్చు. ఫ్యాన్లు నాలుగూ వేస్తే అందులో సగం పైనే పోతుంది.

ఫ్రిజ్ ప్లగ్గు తీసేశాను. లోపల తలుపు అరలో అక్క ఇన్సులిన్ ఉంది. కొత్తది, ఇంకా విప్పలేదు. పెట్టె ప్లగ్గు అక్కడ పెట్టి స్విచ్ వేశాను. ఇన్వర్టర్ ఒక్కసారి మూలిగింది, లైటు మినుకుమంది, పెట్టె పట్టుకుంది. తెచ్చినతను తల గోక్కుని, "ఆడుతుందండోయ్" అన్నాడు.

ఆ తర్వాత నేను కూర్చోలేదు. పెట్టె దగ్గరికి, ఇన్వర్టర్ దగ్గరికి, వీధి అరుగు మీదికి, మళ్ళీ పెట్టె దగ్గరికి. వాన వెలిసి ఎండ కాసింది. గాలివాన తర్వాతి ఎండ, ఇల్లంతా ఆవిరి. వచ్చినవాళ్ళు చీర చెంగులతో విసురుకుంటున్నారు. ఎవరో స్విచ్చు వేస్తారు, ఫ్యాను ఒక చుట్టు తిరిగేలోపు నేను తీసేస్తాను. చివరికి బోర్డు దగ్గరే నిలబడిపోయాను.

"వదినా, నలుగురొచ్చిన ఇల్లు. ఒక్క ఫ్యానన్నా వెయ్యవా?" అంది ఎదురింటావిడ.

"వెయ్యను."

"శవం పక్కన కూడా వాట్లు లెక్కెట్టేదాన్ని నిన్నే చూశా."

"ఆ లెక్క తోటే లోపల అది చల్లగా ఉంది. ఉక్కగా ఉంటే అరుగు మీద కూర్చో."

ఆమె లేచి వెళ్ళింది, కోపంతో కాదు. అందరికీ టీ పెడదామని తన ఇంటి నుంచి కరెంటు కెటిల్ తెచ్చి, నన్ను అడక్కుండా పక్క గదిలో ప్లగ్గుకి తగిలించింది. ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. పెట్టె మోత కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఏడుస్తున్నవాళ్ళు కూడా ఏడుపు ఆపి నా వైపు చూశారు.

"ఎవరేం పెట్టారు?"

"టీ నీళ్ళే వదినా" అంది, కెటిల్ చేత్తో పట్టుకుని వస్తూ. "చిన్నదేగా ఇది."

"చిన్నదా? పెట్టెలాంటివి మూడు పెట్టినంత లాగుద్ది అది."

"నాకేం తెలుసు. చూట్టానికి చెంబంతుంది."

ఆగిన కంప్రెసర్‌ని వెంటనే వేస్తే మళ్ళీ మొరాయిస్తుంది, కాసేపు ఊరుకోవాలి. స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. గాజుమూత మీద లోపలి వైపున సన్నగా చెమ్మ పట్టడం మొదలైంది, అక్క నుదురు మసకబారింది. ఆ కాసేపూ ఎంతసేపో నేను చెప్పలేను. వేశాను. మూలిగింది, పట్టుకుంది. ఎదురింటావిడ కెటిల్ కింద పెట్టి నా పక్కకొచ్చి నిలబడింది. అప్పటి నుంచి బోర్డు కాపలాకి ఇద్దరమయ్యాం. నా కంటే ఆమే కఠినం. సెల్‌ఫోన్ ఛార్జింగు పెట్టబోయినతన్ని, "ఇది మీ అత్తగారిల్లేం కాదయ్యా" అని తరిమింది. ఫోనుకి అయ్యే కరెంటు ఏమంత కాదని ఆమెకి చెప్పలేదు.

మూత సంగతి ఇంకా కష్టం. దండ తెచ్చిన ప్రతివాళ్ళూ లోపల వెయ్యాలంటారు, బుగ్గ తాకాలంటారు. మూత తీస్తే చలి బయటికి పోతుంది. పైన పెట్టండి, పైన పెట్టండి అంటూనే ఉన్నాను. నేనూ తాకలేదు.

మధ్యాహ్నం మా వాడి ఫోను మళ్ళీ తగిలింది. లారీ గుడివాడలో వదిలేసి ఎవరిదో బండి అడిగి తీసుకున్నాడు, బందరు దాటాలి.

"మూత తియ్యనివ్వకు పిన్నీ. మా లారీ తలుపు దారిలో ఒకసారి తీస్తే చాలు, హౌరాలో దించేసరికి..." అని ఆగిపోయాడు.   "రా నాన్నా, జాగ్రత్తగా రా" అన్నాను.

పాస్టరుగారు సమాధుల తోట నుంచి బురద కాళ్ళతో వచ్చారు. "అమ్మా, గుంటలో నీళ్ళూరుతున్నాయి. తోడుతున్నారు, మళ్ళీ ఊరుతున్నాయి. చీకటి పడితే దించడం కష్టం."

"బందరు దాటాడండీ."

"దాటాడా, దాటాలా?"

అబద్ధం చెప్పడం నాకు రాదు. "దాటాలండీ" అన్నాను.

ఆయన పెట్టె వైపు చూశారు, ఇన్వర్టర్ వైపు చూశారు. "అదెంతసేపు వస్తుంది?"

"పొద్దుగూకేదాకా."

"అయితే అప్పటిదాకా తోడిస్తాను" అని వెళ్ళిపోయారు.

ఎండ పసుపుపచ్చగా గోడెక్కింది. ఇన్వర్టర్ కూత మొదలుపెట్టింది, బ్యాటరీ అయిపోవస్తోందని. ఒక కూత, కాస్త విరామం, మళ్ళీ కూత. కెటిల్ తిన్నదెంతో నా లెక్కలో లేదు. వీధిలోకి వెళ్ళి చూశాను, లోపలికొచ్చాను, మళ్ళీ వీధిలోకి వెళ్ళాను. ఎదురింటావిడ మాత్రం బోర్డు దగ్గర నుంచి కదల్లేదు. నాలుగోసారో అయిదోసారో అరుగు దిగేసరికి, మోకాళ్ళ దాకా బురదతో మావాడు బండి స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి లోపలికి నడుస్తున్నాడు.

గాజులోంచి చూశాడు. "మూత తియ్యి పిన్నీ."

తీశాను. వాడు వంగి, తన చెంప వాళ్ళమ్మ చెంపకి ఆనించాడు. చల్లగా ఉందన్నాడు. ఆ తర్వాత నేను తాకాను.

ఇక పెట్టెతో పని లేదు. ప్లగ్గు లాగేసి, బోర్డు దగ్గరికెళ్ళి నాలుగు ఫ్యాన్లూ వేశాను. అక్క మీది ఫ్యాను అయిదుకి తిప్పాను. పెట్టె మీది పూరేకులు లేచి నేలంతా ఎగిరాయి. కూర్చున్నవాళ్ళు ఒక్కసారి ఊపిరి వదిలారు.

"ఇప్పుడేశావా వదినా" అంది ఎదురింటావిడ.

పాట పాడి, ప్రార్థన చేసి, వెలుగుండగానే అక్కని తోటకి తీసుకెళ్ళారు. మేం తిరిగి వచ్చేసరికి ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. ఎప్పుడాగాయో నాకు తెలియదు.

కరెంటు కొన్ని రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చింది. మావాడు వాళ్ళమ్మ మంచం మీద నిద్రపోతున్నాడు. ఫ్యాను తనంతట తానే తిరగడం మొదలుపెట్టి, అయిదు మీద ఊగుతూ చప్పుడు చేసింది. లేచి బోర్డు దాకా వెళ్ళాను. రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి, తిప్పకుండానే వెనక్కి వచ్చాను.